ప్రార్థన చేశాం, ఈసీ తీశారా?



ఇదివరకు ఆదివారం ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చే ప్రార్థన మనవులు నాలుగైదు రకాలే. అమ్మాయికి సంబంధం, అబ్బాయికి ఉద్యోగం, ఒంట్లో బాగోకపోవడం, తీరని అప్పు. ఈమధ్య ఇంకొకటి చేరింది. "అయ్యగారూ, ప్లాటు చూశాం, ప్రార్థన చేయండి." కువైట్ నుంచీ ఇదే, బెంగళూరు నుంచీ ఇదే. వీళ్లలో ఎక్కువమందికి ఇది ఉండటానికి ఇల్లు కాదు. చిన్నదో పెద్దదో, ఊళ్లో ఇల్లు ఉంది. చేతిలో ఉన్న నాలుగు డబ్బులు స్థలం మీద పెట్టి, ధర పెరిగాక అమ్ముకుందామనో, ఫ్లాటైతే అద్దెకిద్దామనో కొంటున్న మొదటి ఆస్తి ఇది. మనవి చివర ఒక మాట తప్పకుండా ఉంటుంది: "సాయంత్రంలోగా టోకెన్ కట్టాలంట, రెండే మిగిలాయంట."

ప్రార్థన చేస్తాం. చేసి, "ఈసీ తీశారా?" అని అడుగుతాం. చాలామంది చిన్నబుచ్చుకుంటారు. పాస్టరుగారు వాక్యం చెబుతారనుకుంటే రిజిస్ట్రారు ఆఫీసు సంగతి అడుగుతారేంటి అన్నట్టు చూస్తారు. అందుకని మా అభిప్రాయం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందే ఒక మాట. స్థలం కొనడం పాపమని మేము అనం. లోకాశ అని కొట్టిపారేసే ప్రసంగాలు మీరూ విన్నారు, మేమూ విన్నాం. ఆ ప్రసంగాలు చేసేవాళ్లలో కొందరికి ఎన్ని ప్లాట్లు ఉన్నాయో ఆ లెక్క మనకెందుకు. మన సంఘంలో సగం కుటుంబాల తాతలు ఒకరి పొలంలో కూలికి వెళ్లినవాళ్లు. సర్వే నంబరు, హద్దులు, కింద తన పేరు ఉన్న ఒక కాగితం చేతికి రావడం అంటే ఆ ఇళ్లలో అది డబ్బు ఒక్కటే కాదు, మర్యాద. ఆ కోరికను చులకన చేసే హక్కు మాకు లేదు. మేము అడ్డం పడేది రెండింటికే: తొందరపడి కొనడానికీ, ప్రార్థన చేశాం కాబట్టి కాగితాలు చూడక్కర్లేదు అనుకోవడానికీ.

యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తీసి చదవండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం దిగి ఉంది. యిర్మీయా రాజు ఇంట చెరసాల ఆవరణలో బందీగా ఉన్నాడు. అప్పుడు ఆయన తండ్రి తోబుట్టువు కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో అని అడుగుతాడు. ఈ మాట వస్తుందని దేవుడు యిర్మీయాకు ముందే తెలియజేశాడు. అమ్మేవాడు సొంత రక్తం, చెప్పినవాడు దేవుడు. ఇక కాగితాలెందుకు? మనమైతే పదివేలు చేతిలో పెట్టి ఫోన్‌పే చేసేసేవాళ్లం.

యిర్మీయా ఏం చేశాడో వరసగా చూడండి. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి ముద్ర వేశాడు. సాక్షులను పిలిచి సంతకాలు చేయించాడు. ముద్ర వేసినది ఒకటి, వేయనిది ఒకటి, రెండు పత్రాలు ఉంచాడు. ఆవరణలో కూర్చున్న అందరి ఎదుట వాటిని బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టించాడు. దేవుని మాట విన్న ప్రవక్త, సొంత మనిషి దగ్గర కొంటూ, ఒక్క మెట్టు కూడా వదలలేదు. విశ్వాసం ఉన్నవాడు కాగితం చూడడు అనే మాట ఎక్కడ పుట్టిందో గాని ఈ అధ్యాయంలో మాత్రం కాదు.

ఈ భాగాన్ని ఇప్పుడు కొందరు ఇంకో రకంగా వాడుతున్నారు. "ధరలు పడిపోయినప్పుడు యిర్మీయా కొన్నాడు, మీరూ కొనండి" అని ఒక వెంచర్ వీడియోలో విన్నాం. యిర్మీయా లాభానికి కొనలేదు. శత్రువు చేతిలోకి పోయిన నేలను, మళ్లీ ఈ దేశంలో ఇళ్లు, పొలాలు కొంటారన్న గురుతుగా కొన్నాడు. ఆయన బతికుండగా దాన్ని అమ్ముకుని పైకం చూసుకున్నట్టు ఎక్కడా లేదు.

ఇక తొందర సంగతి. లూకా సువార్త 14వ అధ్యాయంలో విందుకు రాలేనన్న ఒకాయన చెప్పిన సాకు గుర్తుందా? పొలం కొన్నాను, వెళ్లి చూసుకోవాలి అన్నాడు. కొన్నాక చూడటం! ఇన్నేళ్లుగా ఆయన దేవుని పిలుపును తోసిపుచ్చినవాడని మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం. ఈమధ్య చదివితే మాకు మన సంఘంవాళ్లు నలుగురు కళ్లముందు మెదిలారు. బ్రోచరు చూసి, గేటు బొమ్మ చూసి, రాబోయే విమానాశ్రయానికి ఎన్ని నిమిషాలో రాసింది చూసి అడ్వాన్సు ఇచ్చి, పండక్కి ఊరొచ్చినప్పుడు స్థలం చూడటానికి వెళ్లినవాళ్లు.

కొనేవాళ్లు ఎక్కువై స్థలాలు తక్కువైన చోట పోటీ నిజమే. కాని పోటీలో కొంత నిజం, కొంత తయారీ. ఆదివారం పూట ఏసీ బస్సు, బిర్యానీ, మైకులో "ఫలానా నంబరు ప్లాటు బుక్ అయింది" అన్న కేక, చప్పట్లు, శుక్రవారం నుంచి గజానికి ఐదువందలు పెరుగుతుందన్న బోర్డు. ఆ బుక్ చేసిన చేయి ఎవరిదో ఎవరికీ తెలియదు. (మన సంఘంవాళ్లు ఆ బస్సెక్కితే ఆ ఆదివారం ఆరాధన పోయినట్టే, అది వేరే బాధ.)

ఆ ధర ఎలా వస్తుందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవచ్చు. ఎకరం అంటే 4,840 గజాలు. ఊరి బయట పొలం ఎకరం 40 లక్షలు అనుకుందాం. రోడ్లకు, ఉమ్మడి స్థలానికి పోగా అమ్మడానికి 2,700 గజాలు మిగులుతాయనుకుందాం. అప్పుడు నేల ఖరీదు గజానికి 1,500 రూపాయల లోపే. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతులకు ఇంకో వెయ్యి వేయండి. 2,500. మీకు 7,000 చెబుతున్నారు. 150 గజాల ప్లాటు మీద తేడా 6 లక్షల 75 వేలు. వ్యాపారం చేసేవాడికి లాభం ఉండాలి, కాదనం. అయితే ఆ తేడాలో ప్రకటనలు, బస్సు, బిర్యానీ, ఒకరి కింద ఒకరుగా ఏజెంట్లకు ముట్టే కమీషన్లు అన్నీ ఉన్నాయని తెలిసి కొనాలి. కొన్న మర్నాడు అదే ప్లాటు అమ్మబోతే ఆ 7,000 ఇచ్చేవాడు దొరుకుతాడా అని ఊళ్లో ఇద్దరినైనా అడిగి చూడండి. పక్కన పొలం ఎకరం ఎంతకు పోతుందో టీ కొట్టు దగ్గర అడిగితే చెబుతారు. ఆ ఒక్క ప్రశ్నకే సగం తొందర తగ్గిపోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి నచ్చదు. అయినా చెప్పాలి. మన దగ్గర ప్లాట్లు అమ్మేది బయటివాళ్లు కాదు. మనవాళ్లే. "వందనాలు బ్రదర్" అని మొదలుపెట్టి, కుటుంబ క్షేమం అడిగి, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నామని చెప్పి, ఆ తర్వాత బ్రోచరు పంపుతారు. వాళ్లనూ మేము తప్పుపట్టం. డిగ్రీ చదివి ఉద్యోగం లేని పిల్లవాడికి గజానికి ఇంత అని చూపిస్తే వెళ్తాడు. ముందు తానే ఒక ప్లాటు కొని, ఆ వాయిదాలు కట్టడానికి మిగతావాళ్లకు అమ్మాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. కాని సంఘం అంటే ఒకరి మాట ఒకరు నమ్మే చోటు. ఆ నమ్మకం ఇరవై ముప్పై ఏళ్ల సహవాసంలో పుట్టింది. ఒక వెంచర్ ఆ నమ్మకాన్ని గజాల లెక్కన ఖర్చు చేసుకుపోతే, నష్టపోయేది కొన్నవాళ్లు మాత్రమే కాదు. అమ్మినవాడు మందిరానికి రావడం మానేస్తాడు. కొన్నవాళ్లు అతను కూర్చునే వరసలో కూర్చోరు. ఇది ఊహించి రాస్తున్నది కాదు.

కువైట్‌లో ఇళ్లలో పని చేస్తున్న ఒక చెల్లెమ్మ తొమ్మిదేళ్ల కూడబెట్టు ఒక ప్లాటులో పెట్టింది. అమ్మినవాళ్లు తెలిసినవాళ్లు, మంచివాళ్లు. లేఅవుట్‌కు అనుమతి "వస్తోంది" అన్నారు. అది ఇప్పటికీ వస్తూనే ఉంది. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది: "అయ్యగారూ, నా ప్రార్థనలో లోపమా?" కాదమ్మా, లోపం లేఅవుట్‌లో ఉంది అని చెప్పాం. ఇలాంటిచోట దేవుణ్ని ముందుకు తోసి కాగితాన్ని వెనక్కి దాయడం మాకు చాలా కోపం తెప్పిస్తుంది.

ఆ కాగితాల సంగతే చెప్పుకుందాం. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే పత్రం. 1983 తర్వాతి లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఇన్ని ప్రార్థన వీడియోలు చూసే ఫోన్‌లో పది నిమిషాలు అది చూడటం కష్టం కాదు. అయితే ఈసీ ఒక్కటే చాలదు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వాటా అడిగే అక్కచెల్లెళ్లు అందులో కనబడరు. అందుకే లింకు డాక్యుమెంట్లు, అంటే ఈ స్థలం ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, వరసగా తీసుకుని లాయరుకు చూపించాలి. లాయరు ఫీజు దండగ అనుకోకండి. మీరు కడుతున్న డబ్బులో అది ఎన్నో వంతో చూడండి. అమ్మేవాళ్లు చూపించిన లాయరు వద్దు, మీ లాయరు కావాలి.

రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గాని వేసేవాళ్లు అందులో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు, అమ్మడం తర్వాతి మాట. రాసిన ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదోవంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. నమోదైన వెంచర్లు అమ్మే ఏజెంటు కూడా తన పేరు నమోదు చేయించుకోవాలి. కాబట్టి మన సంఘంలో ప్లాట్లు అమ్ముతున్న తమ్ముళ్లూ, మీ నంబరు ఏదని అడిగితే కోపగించుకోకండి. "ప్రీలాంచ్, అందుకే ఇంత చవక" అన్నారంటే, నమోదు కాకముందే అమ్ముతున్నామని వాళ్ల నోటితో వాళ్లే చెప్పినట్టు. "పంచాయతీ అప్రూవ్డ్" అనే మాట దగ్గర కూడా ఆగండి. లేఅవుట్ నమూనాకు డీటీసీపీ గాని, ఆ ప్రాంతపు అభివృద్ధి సంస్థ గాని ఇచ్చిన ఎల్పీ నంబరు ఉండాలి. పక్క రాష్ట్రం తెలంగాణలో 2020లో అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసుకోండి అని పిలిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్ని ఇళ్లలో అంత డబ్బు సరైన అనుమతి లేని నేలలో ఉందన్నమాట. జీపీఏ మీద, నోటరీ అగ్రిమెంటు మీద కొన్నామని సంతోషపడేవాళ్లకు: అవి ఆస్తి హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

విదేశాల్లో ఉన్న చెల్లెళ్లకు ఒక మాట. డబ్బు నీది, రిజిస్ట్రేషన్ మాత్రం అన్నయ్య పేరునో బావ పేరునో వద్దు. నువ్వు రాలేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ పంపు. కొనేది నీ పేరునే ఉండాలి. దీని గురించి ఇంట్లో అలకలొస్తే మా మీద చెప్పు.

ఇక డి-పట్టా భూములు. ఇక్కడ కాస్త ఆగాలి. ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం నిషేధించింది. కొన్నా ఆ కొనుగోలు చెల్లదు, తిరిగి తీసుకోవచ్చు. ఆంధ్రలో 2023లో ఈ చట్టానికి సవరణలు వచ్చాయి. మీరు చూస్తున్న భూమికి అవి వర్తిస్తాయో లేదో తహశీల్దారు కార్యాలయంలో తెలుసుకోవాలి, బ్రోకరు నోట కాదు. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో కూడా చూడాలి. కాని మేము చెప్పదలచింది చట్టం గురించి మాత్రమే కాదు. ఆ పట్టాలు ఎవరికి ఇచ్చారు? మన తాతల్లాంటివాళ్లకే. పెళ్లి ఖర్చుకో ఆసుపత్రి ఖర్చుకో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి పావు ధరకు వదిలేసుకున్న ఎకరాలు ఇవి. నాబోతు తన పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. రాజును తిట్టుకుంటూ ఆ కథ చదువుతాం. చవగ్గా వస్తోందని అలాంటి నేలలో మనం ప్లాటు కొంటే ఆ కథలో మనమెటువైపు? మందిరంలో మీ పక్కన కూర్చునే ముసలమ్మదే ఆ ఎకరం కావచ్చు.

ధర విషయం కూడా. కాగితం మీద కొంత, చేతిలో కొంత అనే పద్ధతి ఎంత మామూలైపోయిందంటే, మొత్తం చెక్కుగా ఇస్తామంటే అమ్మేవాడు మనల్ని వింతగా చూస్తాడు. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం కలిపి ఏడున్నర శాతం. దాన్ని తప్పించుకోవడానికే ఈ తిప్పలు. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహ కొన్నప్పుడు ఎఫ్రోను ఊరికే తీసుకొమ్మన్నా ఒప్పుకోలేదు. ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా పూర్తి వెల, నాలుగు వందల తులాల వెండి, తూచి ఇచ్చాడు. అంత బాహాటంగా కొన్నాడు కాబట్టే ఆ పొలం, గుహ, చుట్టూ ఉన్న చెట్లతో సహా అతనిదని అందరి ఎదుట స్థిరపడింది. నల్లడబ్బు ఇచ్చి కొన్నవాడు రేపు గొడవ వస్తే ఎంత ఇచ్చానని కోర్టులో చెబుతాడు?

చివరిగా డబ్బు. ఫ్లాటు కొని అద్దెకిస్తే ఈఎంఐ అదే కట్టుకుంటుందని నమ్మే యవ్వనస్థుల కోసం ఈ లెక్క. నగరం అంచున 60 లక్షల ఫ్లాటు. 20 లక్షలు మీవి, 40 లక్షలు లోను. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అంటే నెలకు దాదాపు 34,700. అద్దె 17,000 వస్తుందనుకుంటే, మెయింటెనెన్స్ 2,500 పోగా మిగిలేది 14,500. నెలనెలా మీ జేబులోంచి ఇరవై వేలు. అద్దెకు మనిషి దొరకని నెలల్లో మొత్తం మీదే. ఇరవై ఏళ్లలో ఆ నలభై లక్షలకు మీరు కట్టేది 83 లక్షలు. ఇది తెలిసి, జీతం ఆగినా ఆరు నెలలు తట్టుకునే నిల్వ ఉంటే కొనుక్కోండి. ఖాళీ ప్లాటుకైతే ఆ అద్దె కూడా రాదు.

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ప్లాటు కొనడం మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాం. ఐదు లక్షలకు నెలకు పదివేలు. మూడేళ్లకు 3 లక్షల 60 వేలు వడ్డీయే కడతారు, అసలు అలాగే ఉంటుంది. నేల ధర మన వాయిదా చూసి పెరగదు. అమరావతిని చూడండి. 29 గ్రామాల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు, 2015లో శంకుస్థాపన జరిగింది, చుట్టుపక్కల ధరలు ఆకాశానికి వెళ్లాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు లేడు. 2024 తర్వాత మళ్లీ పనులు మొదలయ్యాయి. సొంత డబ్బుతో కొన్నవాళ్లు ఆ ఐదేళ్లు కష్టంగానైనా ఆగగలిగారు. వడ్డీకి తెచ్చి కొన్నవాళ్లకు ఆ ఐదేళ్లు ఎలా గడుస్తాయో మీరే లెక్క వేసుకోండి. ప్లాటు అదే, నేల అదే. ఆగగలిగే శక్తి ఒకరికి ఉంది, ఒకరికి లేదు.

పెద్దలతో మాట్లాడి కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఇకమీదట మందిరంలో, ఆవరణలో, సంఘం వాట్సాప్ గ్రూపులో ఏ వెంచర్ బ్రోచరూ ఉండదు. స్తోత్రార్పణలో భాగంగా ప్లాట్ల ప్రకటనలు ఉండవు. లేఅవుట్ ప్రారంభోత్సవాలకు ప్రార్థన చేయమని పిలిస్తే మేము వెళ్లం. మా ఫొటో చూపించి ఎవరైనా అమ్మితే అది మాకు తెలియకుండా జరిగినదని గ్రహించండి. కొంటున్న కుటుంబం కోసం మాత్రం ఎప్పుడు పిలిచినా ప్రార్థన చేస్తాం.

ఈసీ తీసుకోవడం, రెరా నంబరు చూడటం రానివాళ్లు ఆదివారం ఆరాధన తర్వాత వెనక గదికి రండి. మన యవ్వనస్థులు ఇద్దరు లాప్‌టాప్‌తో కూర్చుంటారు. సర్వే నంబరు, గ్రామం పేరు, అమ్మేవాళ్ల దస్తావేజు నంబరు, సంవత్సరం రాసుకుని తెచ్చుకోండి. దీనికి డబ్బేమీ లేదు. దూరంలో ఉన్నవాళ్లు ఆ వివరాలు మాకు పంపితే చూసి చెబుతారు. టోకెన్ కట్టాక కాదు, కట్టకముందు.